తలపాగా చిక్కుకున్న రాత్రి

ఆ రాత్రి మధురవాణి తలపాగా ఊడి రాలేదు.

గురజాడ కన్యాశుల్కం నాటకం, ఆఖరి అంకం. నేను వింగ్‌లో స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో స్క్రిప్టు పెట్టుకుని ప్రాంప్టింగ్ చేస్తున్నాను. మగవేషంలో వకీలు సౌజన్యారావు ఇంటికొచ్చిన వేశ్య మధురవాణి తానెవరో బయటపెట్టే ఘట్టం అది. పాగా తీయాలి, జుట్టు కనపడాలి, సౌజన్యారావు నిర్ఘాంతపోవాలి. ఆ అమ్మాయి జడని చుట్టగా చుట్టి, పిన్నులు గుచ్చి, పైన పాగా చుట్టారు. లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. పిన్ను ఒకటి గుడ్డలో దిగిపోయినట్టుంది, పాగా ఒక పక్కకి ఒరిగింది కానీ ఊడలేదు. సౌజన్యారావు వేసినాయన పెద్దమనిషి. పాపం, సాయం చేద్దామని చెయ్యి చాచాడు. చాచాక గుర్తొచ్చింది, తానిప్పుడు వేశ్య మొహం కూడా చూడనని పట్టుబట్టిన మనిషినని. చెయ్యి గాల్లో ఆగింది. గబుక్కున వెనక్కి లాక్కుని పంచె అంచుకి తుడుచుకున్నాడు.

హాలు గొల్లుమంది.

ఆ అమ్మాయి తెలివిగలది. కంగారుపడలేదు. ఆయన చేతికేసి ఒకసారి చూసింది, ఆయన మొహంకేసి ఒకసారి చూసింది, తర్వాత తీరిగ్గా తలవంచి పిన్ను వెతుక్కుని తానే తీసుకుంది. ఈసారి నవ్వు ఇంకా పెద్దది. నా వెనక నిలబడ్డ డైరెక్టరుగారు మాత్రం తల పట్టుకుని, "సీను చంపేశారు" అన్నారు.

నాకు సరిగ్గా తిరగబడి అనిపించింది. సీను అప్పుడే బతికింది. ఇన్నేళ్ళయినా అదే మాట మీద ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మనకి కన్యాశుల్కాన్ని బళ్ళో సంఘసంస్కరణ నాటకంగా పరిచయం చేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడూ, 1897లో పుస్తకంగా అచ్చయినప్పుడూ గురజాడ ముందు పెట్టుకున్న పని అదే. ఆ మొదటి కూర్పుకి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివితే కడుపులో తిప్పుతుంది. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్ళిళ్ళ, జాబితా తీయిస్తే 1034 తేలాయట. అందులో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఇలాంటి లెక్క చేతిలో పట్టుకున్న మనిషి ఏడుపు నాటకం రాయడానికి అన్ని హక్కులూ ఉన్నాయి. ఆయన ప్రహసనం రాశాడు. అదీ ప్రేమ చుట్టూ తిరిగే ప్రహసనం. ఈ రెండో మాటకి మా డైరెక్టరుగారు ఒప్పుకునేవారు కాదు. "ప్రేమ ఎక్కడుందయ్యా ఇందులో?" అనేవారు.

మొట్టమొదటి మాటల్లోనే ఉంది. తెర లేవగానే గిరీశం తనలో తాను ఏమనుకుంటాడో గుర్తుందా? పూటకూళ్ళమ్మకి సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి డాన్సింగ్ గర్ల్ కింద, అంటే మధురవాణి కింద, ఖర్చుపెట్టేశాడు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ జమ, ఇంకొకావిడ ఖర్చు. నాటకం మొత్తానికి ఇదే పద్దు. పెళ్ళి చేసుకునేవాడు డబ్బిస్తాడు, ఉంచుకునేవాడు డబ్బిస్తాడు, కన్నతండ్రి డబ్బు పుచ్చుకుంటాడు. ఇంతమంది లెక్కలు వేసుకుంటున్న చోట, లెక్కలోకి రాని ఇష్టం ఒకటి ఎవరికైనా పుడితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? గురజాడ నవ్వుతూ అడిగింది ఇదేనని నా నమ్మకం.

ఈ నాటకంలో ప్రేమ గురించి ఎక్కువ మాట్లాడేది గిరీశం. వితంతువు మీద ఇంగ్లీషులో పద్యం కూడా కట్టాడు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇల్లూడ్చే విధవరాలి మీద. ఆ పద్యాన్ని శిష్యుడు వెంకటేశానికి ఎంత మురిపెంగా వినిపిస్తాడో చూడండి. ఇంకో పక్క ఇతను డబ్బెగ్గొట్టిన పూటకూళ్ళమ్మా వితంతువే. ఆవిడ చీపురు పట్టుకుని ఇతన్ని వెతుక్కుంటూ మధురవాణి ఇంటిదాకా వస్తుంది కూడా. గిరీశం మంచం కింద దూరతాడు. అక్కడ మధురవాణి కోసమే వచ్చిన రామప్పంతులు అప్పటికే నక్కి ఉన్నాడు. దెబ్బలు పంతులికి, పలాయనం గిరీశానికి. పద్యంలో వితంతువు ఇల్లూడిస్తే కన్నీళ్ళు, ఎదురుగా చీపురు పట్టుకుని నిలబడితే మంచం కిందికి. గిరీశాన్ని అర్థం చేసుకోవడానికి నాకింతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఇక పెళ్ళిళ్ళు. కామెడీ అంటే చివర్న పెళ్ళి జరగాలని లోకమంతటా ఒక అలవాటుంది. అపార్థాలు తొలగిపోతాయి, వేషాలు ఊడిపోతాయి, జంటలు కుదురుతాయి, తెర పడుతుంది. కన్యాశుల్కం పేరులోనే పెళ్ళి పెట్టుకుని, నాటకం నడుస్తుండగా ఒక్క పెళ్ళే చేస్తుంది. ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లు, పెళ్ళికూతురు మగపిల్లాడు!

తండ్రి డబ్బుకి అమ్మబోతున్న మేనకోడలు సుబ్బిని ఆ ముసలి పిసినారి పాలపడకుండా తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి ఎక్కువ హడావిడి లేకుండా అవధాన్లుకి అమ్మేస్తాడు. కూలి ఏమిటంటే, పని గట్టెక్కితే తన కూతుర్ని శిష్యుడికిచ్చి పెళ్ళి చేస్తానంటాడు. ఇక్కడ నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఒక పిల్లని అమ్మకుండా ఆపడానికి వేసిన ఎత్తులో ఇంకో పిల్ల జీతం కింద పోతోంది! సుబ్బిని ఎవరూ అడగలేదు, శాస్త్రులుగారి కూతుర్నీ ఎవరూ అడగలేదు. మంచివాళ్ళ పక్షాన కూడా పద్దు పద్దులాగే నడుస్తోంది. గురజాడ దీని మీద ఉపన్యాసం ఇవ్వడు. పిల్లాడు ఆశపడతాడు, మనం నవ్వుతాం, కథ ముందుకు పోతుంది. ఇంటికెళ్ళాక గుచ్చుకుంటుంది.

ఆ శిష్యుడు మహేశం వేషం వేసిన కుర్రాడికి మా నాటకంలో పదమూడేళ్ళు. చీర కట్టగానే నడక మార్చేసేవాడు. రిహార్సల్‌లో ఒకసారి నన్నడిగాడు, "అంకుల్, ముసలాయనకి నేను అబ్బాయినని తెలిస్తే నన్ను కొడతాడా, శాస్త్రిని కొడతాడా?" అని. ఇంత తెలివైన ప్రశ్న మా చర్చల్లో పెద్దవాళ్ళెవరూ వేయలేదు. మోసం బయటపడితే దెబ్బలు తినేది ఎవరన్నది వేషం కట్టినవాడికే పడుతుంది, కట్టించినవాడికి పట్టదు.

వేషాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తెలుగు రంగస్థలం మీద చాలాకాలం ఆడపాత్రలు మగవాళ్ళే కట్టారు. స్థానం నరసింహారావుగారు మధురవాణిగా పేరు తెచ్చుకున్నారు. అంటే ఆఖరి అంకంలో ప్రేక్షకులు చూసింది, స్త్రీ వేషం కట్టిన మగవాడు, మగవేషం కట్టిన స్త్రీగా నటించి, ఆ మగవేషం తీసేసి స్త్రీగా బయటపడటం. ఎన్ని పొరలో చూశారా! అందులో ఒక పొర మీద పెళ్ళి బేరం, ఇంకో పొర మీద నిజమైన వలపు. దీన్ని మొహం ముడుచుకుని చూడమంటే ఎలా?

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. మధురవాణి, సౌజన్యారావుల ఘట్టాన్ని మనవాళ్ళు విషాదంగా ఆడతారు. లైట్లు తగ్గిస్తారు. వెనక వయొలిన్ పెడతారు. ఆమె గొంతు గద్గదమవుతుంది. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుని "అబ్బ, మధురవాణి!" అంటారు. 1909లో గురజాడ నాటకాన్ని తిరగరాసి పెంచినప్పుడు ఐదు అంకాలు ఏడయ్యాయి. ఆ పెంపకంలో అందరికన్నా లాభపడింది ఈమే. అంత శ్రద్ధగా పెంచిన పాత్రని ఆఖర్న కన్నీటి బొమ్మని చేయడం నాకు మింగుడుపడదు.

మాటలు తీసి చూడండి. ఆ ఘట్టంలో హాస్యమంతా ఆమె చేతిలో ఉంది. లుబ్ధావధాన్లు కొత్త పెళ్ళాం మాయమైపోయింది, చంపేశాడని కేసు. పెళ్ళాం అసలు పెళ్ళామే కాదన్న నిజం మధురవాణికి తెలుసు. సౌజన్యారావు ఆ ముసలాయన్ని కాపాడాలని తాపత్రయపడుతున్నాడు. ఆమె మగవాడిలా వచ్చి కూర్చుని, ఎవరో వేశ్య తరఫున మధ్యవర్తిలా తన బేరం తానే మాట్లాడుకుంటుంది. పెద్ద కోరికతో మొదలుపెట్టి ఒక్క ముద్దు దగ్గరికి తెస్తుంది. సంతలో బేరమాడే పద్ధతే ఇది. మొదట ఆకాశమంత అడగాలి, తర్వాత అసలు కావలసింది అడగాలి. ఎదుటి మనిషి చట్టం చదివినవాడు, బేరం చేయడం రానివాడు. నిండు ప్రాణం ఒక వైపు, తన నియమం ఒక వైపు. ఒక్క ముద్దు పెడితే మనిషి బతుకుతాడు, పెడితే తన శపథం పోతుంది. నాచ్‌కి, అంటే భోగంవాళ్ళ ఆటకి, వ్యతిరేకిగా ఇన్నాళ్ళు నిలబడ్డ మనిషి ఆ క్షణంలో చెమటలు పట్టి కొట్టుకోవడం నవ్వు పుట్టించకపోతే ఇంకేం పుట్టిస్తుంది?

భగవద్గీత వచ్చినచోట కూడా అంతే. ఆయన గంభీరంగా గీత చేతిలో పెట్టబోతాడు. ఆమెకి వచ్చే మొదటి సందేహం, కృష్ణుడు యాంటీ-నాచ్ మనిషి కాడు కదా అని. దీన్ని గద్గద స్వరంతో చెప్పించిన ప్రదర్శన నేను చూశాను. జోకు చచ్చిపోయింది, భక్తీ పుట్టలేదు.

మా డైరెక్టరుగారి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆయన అనేదేమిటంటే, భోగం కులంలో పుట్టిన స్త్రీని ఆ రోజుల్లో అందరూ నవ్వులాటకే వాడుకున్నారు, సంస్కర్తలేమో అసహ్యించుకున్నారు, ఈ ఒక్క ఘట్టంలోనన్నా జనం ఆమెకేసి గౌరవంగా చూడాలి, నవ్వితే మళ్ళీ పాత అవమానమే అని. "నువ్వు నవ్వేది ఎవర్ని చూసి?" అని నన్ను సూటిగా అడిగారు.

సౌజన్యారావుని చూసి, అన్నాను. ఆయన నమ్మలేదు.

కానీ ఆ రాత్రి పాగా చిక్కుకున్నప్పుడు హాలు నవ్వింది ఎందుకో గుర్తు చేసుకోండి. పాగా ఇరుక్కుందని కాదు. అప్పటికింకా చిన్న కిసుకులే. చెయ్యి చాచి వెనక్కి లాక్కున్నాడే, అప్పుడు గొల్లుమన్నారు. ఆయన లోపలి మంచితనం ముందుకు దూకింది, ఆయన సిద్ధాంతం దాన్ని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. వందేళ్ళ సంస్కరణ చర్చ మొత్తం గాల్లో ఆగిన ఆ చేతిలో ఉంది. ఆమెని చూసి ఎవరూ నవ్వలేదు. ఆమెతో కలిసి నవ్వారు. ఆమె ఆ చేతికేసి చూసిన చూపులో జాలి ఉంది, ముచ్చట ఉంది, కొంచెం వేళాకోళం కూడా ఉంది. ప్రేమించినవాళ్ళే అలా చూడగలరు. వయొలిన్ కింద ఆ చూపు మునిగిపోతుంది.

మధురవాణి దగ్గర్నుంచి హాస్యం తీసేస్తే మిగిలేది గిరీశం పద్యంలో వితంతువు లాంటి మనిషి, చూసి మనం కరిగిపోవడానికి పనికొచ్చే మనిషి. గురజాడ ఆ పద్యాన్ని వెక్కిరించాడు. మనం మళ్ళీ అదే పద్యం స్టేజీ మీద ఆడుతున్నాం.

ముద్దు సంగతి. ఆయన చివరికి ఒప్పుకుని ముందుకొస్తాడు, ఆమే ఆపుతుంది. చెడనివాళ్ళని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందన్న అర్థంలో ఒక మాట అంటుంది. దీన్ని త్యాగమంటారు అందరూ. ఏమో. నాకది గెలుపులాగే కనిపిస్తుంది. అంతవరకూ ఆ నాటకంలో ప్రతి మగవాడూ ఆమె దగ్గర ఏదో ఒకటి కొనుక్కున్నాడు. ఈ ఒక్కడి దగ్గర ఆమె బేరం పెట్టింది, బేరం కుదిరింది, సొమ్ము చేతికందే క్షణంలో వద్దంది. ఇష్టపడి పెట్టని ముద్దు ఇంకో పద్దే కదా. పద్దు కొట్టేసిందామె. పైగా ఆ "చెడనివాళ్ళు" అన్న మాటలో ఎంత చమత్కారం! లోకం ప్రకారం చెడిపోయినది తాను. ఎవరు చెడ్డారో ఎవరు చెడలేదో తీర్పు చెప్పే కుర్చీలో ఇప్పుడు తానే కూర్చుంది, వకీలుగారు ముద్దాయిలా నిలబడ్డారు.

ఆయన ఆమెని పెళ్ళి చేసుకుని ఉంటే బాగుండేది కదా అని అడిగేవాళ్ళున్నారు. మా బృందంలోనూ ఇద్దరు ముగ్గురు అడిగారు. అలా చేస్తే సౌజన్యారావు గొప్పవాడవుతాడు, మధురవాణి బహుమతి అవుతుంది. అంతకన్నా ఏమీ జరగదు.

ఇంతవరకూ నా వాదన నాకు తృప్తిగానే ఉంది. సుబ్బి అక్క, వితంతువు బుచ్చమ్మ దగ్గరికొచ్చేసరికి కాలు జారుతుంది.

చిన్నప్పుడు బుచ్చమ్మ అంటే నాకు చులకన. గిరీశం లాంటి వాగుడుకాయ మాటలకి పడిపోయే అమాయకురాలు అనుకునేవాణ్ణి. రిహార్సల్స్ ఇరవై ముప్ఫైసార్లు చూశాక అభిప్రాయం మారింది. ప్రేమ కోసం ఈ నాటకంలో నిజంగా ఏదైనా ఒడ్డింది ఆమె ఒక్కతే. గిరీశానికి పోయేదేమీ లేదు, అప్పులవాళ్ళ బాధ తప్పుతుంది, పైగా సంస్కర్తల్లో పేరు. మధురవాణికి సొంత ఇల్లూ సొంత తెలివీ ఉన్నాయి. బుచ్చమ్మకి ఆ అగ్రహారం తప్ప ఇంకో లోకం లేదు. అది వదిలి ఒక మగవాడి వెంట బయటికొచ్చేసింది. వాడు దొంగవాడు కావడం ఆమె ధైర్యాన్ని తగ్గించదు.

మధురవాణి గిరీశం గుట్టు విప్పాక, వాళ్ళిద్దరి పెళ్ళి జరిపిద్దామనుకున్న సౌజన్యారావు బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపించే ఏర్పాటు చేస్తాడు. గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అంటాడు. తెర. ఆఖరి మాట మోసగాడికి దక్కింది. బుచ్చమ్మకి ఒక్క మాటా దక్కలేదు. ఆమె ఏమనుకుందో, ఏడ్చిందో, ఊపిరి పీల్చుకుందో నాటకం చెప్పదు. ఇది లోపమే. గురజాడ మీద ఎంత ప్రేమ ఉన్నా లోపాన్ని లోపమనే అంటాను.

పూనా అంటే శిక్షేనా అని కొన్నాళ్ళు ఆలోచించాను. పండిత రమాబాయి వితంతువుల కోసం పెట్టిన శారదా సదనం 1889లో బొంబాయిలో మొదలై మరుసటేడు పూనాకి మారింది. అక్కడ చదువుకున్న గోదూబాయి అనే వితంతువుని 1893లో సంస్కర్త ధోండో కేశవ కర్వే పెళ్ళి చేసుకున్నాడు. ఆ కర్వేనే 1896లో పూనాలో వితంతువుల కోసం ఇంకో ఆశ్రమం పెట్టాడు. కాబట్టి 1909 నాటి పాఠకుడికి పూనా అన్న మాటలో చీకటి గదే కనిపించి ఉండదు, చదువూ కనిపించి ఉంటుంది, గోదూబాయి కథ తెలిసినవాళ్ళకి ఇంకో రకం పెళ్ళి కూడా కనిపించి ఉంటుంది. గిరీశం కన్నా అది నయమే. అయినా వెళ్ళేది ఆమె, నిర్ణయించింది ఇంకొకరు. సుబ్బిని అడగనట్టే బుచ్చమ్మనీ అడగలేదు.

మా డైరెక్టరుగారితో ఈ మాట అంటే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మరి అక్కడ నవ్వొచ్చిందా నీకు?" అన్నారు. రాలేదన్నాను. "మరింకేం," అన్నారు. ఎవరు గెలిచినట్టో నాకిప్పటికీ తెలీదు.

రెండో రోజు ప్రదర్శనకి ఆయన మేకప్ ఆవిడకి గట్టిగా చెప్పారు. పాగా కింద పిన్నులు వద్దు, గుడ్డ నాడాతో కట్టమని. ఆ అమ్మాయి పాగాకి చెయ్యి వేయగానే పువ్వు రేకు రాలినట్టు ఊడి వచ్చింది. జడ భుజం మీద పడింది. వయొలిన్ మొదలైంది. సౌజన్యారావు వేసినాయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, నిన్నటి పొరపాటు జరగకుండా. హాలు నిశ్శబ్దంగా ఉంది. ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. ఆమె ఒక్క క్షణం ఆయన చేతుల కోసం వెతికింది, కనపడలేదు, తర్వాతి డైలాగు అందుకుంది. నేను పేజీ తిప్పాను.